ఒకటి దొరికిందని రెండోదాన్ని వెతకడం మానేస్తున్నాం

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో కరోనా, ఫ్లూ రెండూ ఒకేసారి పట్టుకున్న రోగుల గురించి వార్త వేశారు. లోపల రాసింది చాలావరకు సరిగ్గానే ఉంది, నలుగురు డాక్టర్లను అడిగే రాశారని తెలుస్తూనే ఉంది. కానీ పైన పెద్దక్షరాలతో పెట్టిన హెడ్డింగ్ ఉంది చూశారూ, 'జంట వైరస్ దిగింది' అని, పక్కన రెండు తలల పురుగు బొమ్మతో సహా, చిక్కంతా దాంతోనే వచ్చింది. పొద్దున ఏడింటికే మా పక్కింటావిడ పేపరు పట్టుకుని వచ్చేశారు, ఇదేంటండీ ఇది కొత్తదా, మనం వేయించుకున్న టీకా దీనికి పనిచేస్తుందా అని. లోపల ఏముందో ఆవిడ చదవలేదు. బొమ్మ చూశారు, అంతే. 'గోరుచుట్టు మీద రోకటిపోటు' అని పెట్టినా సరిపోయేది కదండీ, అందరికీ అర్థమయ్యేది, పైగా అది నిజం కూడా.

నేను డాక్టర్ని కాను, ల్యాబ్ టెక్నీషియన్‌ని. పదమూడేళ్లుగా జనం ముక్కుల్లోంచి తీసిన స్వాబులతోనే నా ఉద్యోగం. కాబట్టి మందుల చీటీ రాయబోవడం లేదు. నేను చూసింది, మా ఇంట్లో నేనే చేసిన పొరపాటు ఒకటి, ఆ తర్వాత బుద్ధొచ్చి కూర్చుని చదువుకున్నవి కొన్ని, ఇవే రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే మీ దగ్గర కత్తెర ఉండనే ఉంది.

ముందు ఆ జంట వైరస్ సంగతి. అలాంటిదేమీ లేదు. 2021 డిసెంబరు చివర్లో ఇజ్రాయెల్‌లో ఒక గర్భిణికి పరీక్ష చేస్తే రెండూ బయటపడ్డాయి. ఆవిడకు జబ్బు తేలిగ్గానే వచ్చిపోయింది గానీ, పత్రికలవాళ్లు ఫ్లూలోంచి ఒక ముక్క, కరోనాలోంచి ఒక ముక్క తీసి అతికించి 'ఫ్లురోనా' అన్నారు, ఆ పేరు మాత్రం రెండు రోజుల్లో ప్రపంచమంతా తిరిగేసింది. పేరంటూ ఒకటి వచ్చాక అదేదో కొత్త జీవి అన్నట్టే మాట్లాడుకున్నారు. నిజానికి రెండూ కలిసి సోకిన రోగుల గురించి 2020లోనే, కరోనా బయటపడిన తొలి నెలల్లోనే, డాక్టర్లు రాసిపెట్టారు. అప్పుడు దానికి పేరు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

రెండూ కలిసి మూడోదేదో పుడుతుందేమో అన్న భయం మాత్రం ఊరికే గాల్లోంచి వచ్చింది కాదు, దానికో మూలం ఉంది. ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలో దూరితే ఆ ముక్కలు పేకముక్కల్లా కలిసిపోయి కొత్త రకం బయటికి రావచ్చు, 2009 నాటి స్వైన్ ఫ్లూ వైరస్‌లో ముక్కలు అలా కలిసినవే. కరోనా వైరస్‌లు కూడా తమలో తాము కలుస్తాయి, ఒమిక్రాన్‌లోని రెండు శాఖలు కలిస్తేనే ఎక్స్‌బీబీ అనే రకం వచ్చింది. కానీ ఫ్లూకీ కరోనాకీ మధ్య ఆ బేరం కుదరదు. కరోనాది ముక్కలు కాని ఒకే ఒక్క పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ పోగు, సుమారు 30,000 అక్షరాలంత. పైగా ఫ్లూ తన కాపీలను కణం కేంద్రకంలోకి వెళ్లి తీసుకుంటుంది, కరోనా ఆ గడప కూడా తొక్కకుండా బయటే కానిచ్చేస్తుంది. లోపలికి వచ్చే దారులూ వేరే, ఫ్లూ మన కణం మీదుండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థాన్ని పట్టుకుని వస్తుంది, కరోనా ఏస్2 అనే ప్రోటీన్‌ను పట్టుకుని వస్తుంది. ఒకే ఇంట్లో అద్దెకున్నా ఒకరి వంట సంగతి ఒకరికి తెలియని కాపురాలు అన్నమాట. నష్టం మాత్రం ఇంటికే, అది వేరే సంగతి.

ఇక నేను చూసింది. స్వాబులోని జన్యుపదార్థాన్ని విడతలవారీగా రెట్టింపు చేస్తూ వెతికేది పీసీఆర్ మెషీన్, ఒక్కో విడతను సైకిల్ అంటాం. దాని తెర మీద గీతలు మొదట నేలబారుగా పాకుతూ ఉంటాయి, వైరస్ ఉంటే ఏ ఇరవయ్యో పాతికో సైకిల్ దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తాయి. మేం వాడే కిట్‌లో కరోనాకు ఒక రంగు గీత, ఫ్లూ ఎ రకానికి ఒకటి, బి రకానికి ఒకటి, ఇవి కాక మనిషి సొంత జన్యువుకి ఇంకొకటి. ఆ చివరిది ఎప్పుడూ లేవాలి, లేవకపోతే స్వాబు సరిగ్గా తీయలేదని లెక్క. దానికి తోడుగా ఇంకొకటి లేస్తే పాజిటివ్. ఒక రాత్రి డ్యూటీలో ఒకే శాంపిల్‌కి మూడు లేచాయి. నా మొదటి ఆలోచన ఏంటో నిజం చెప్పేస్తున్నాను, అయ్యో ఈ మనిషికి రెండు జబ్బులా అని కాదు, చచ్చాం, శాంపిళ్లు కలిసిపోయాయి అని. పక్క గుంటలోది చింది ఇందులో పడిందనుకున్నాను. నెగెటివ్ కంట్రోల్, అంటే వైరస్ లేదని ముందే తెలిసి పక్కన పెట్టే నమూనా, చూస్తే శుభ్రంగా ఉంది. చేతి గ్లవ్స్ మార్చుకుని, మొదటి ట్యూబులోంచే మళ్లీ తీసి, మొత్తం మొదటి నుంచి చేశాను. మళ్లీ మూడే. తెల్లవారుజామున వార్డుకి ఫోన్ చేసి చెబితే అవతల డ్యూటీ డాక్టరు గారు, నిద్రలోంచి లేచారో ఏమో, "ఏదో ఒకటి చెప్పండి మేడమ్" అన్నారు. "రెండూనండీ" అన్నాను. కాసేపు ఫోన్లో చప్పుడు లేదు.

ఆయన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. నేనూ అంతే కదా, మెషీన్ రెండు చూపిస్తుంటే నమ్మలేదు. జ్వరానికి ఒక కారణం దొరకగానే అక్కడితో ఆగిపోవడం మనందరికీ అలవాటు. 'ఏంటో తెలిసింది' అన్న ఆ నిమిషంలో టెన్షన్ దిగిపోతుంది, ఇంక వెతకాలనిపించదు.

ఇంత చూసిన నేను, మా అమ్మ విషయంలో ఏం చేశానో వినండి. అమ్మకు అరవై ఎనిమిది, షుగర్ ఉంది. ఒక సాయంత్రం చలిజ్వరం మొదలైంది. ఇంట్లో కరోనా కిట్ ఉంటే చేశాను. రెండో గీత ఎంత లేతగా వచ్చిందంటే లైటు కిందికి తీసుకెళ్లి, అటూ ఇటూ వంచి చూస్తే గానీ కనపడలేదు. ఉంది, పాజిటివ్. డాక్టరు గారితో మాట్లాడి, వయసునీ షుగర్‌నీ బట్టి ఆయన రాసిన కరోనా మాత్రలు ఆ రాత్రే మొదలుపెట్టాం. ఇంకేం కావాలి, మొదటి రోజే కనిపెట్టాం, మొదటి రోజే మందు పడింది అని నేను లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మూడో రోజుకీ జ్వరం నూటమూడు దిగలేదు. ఒళ్లు నొప్పులకి మంచం అంచు పట్టుకుని కూడా లేవలేకపోయింది. అందరం కరోనాయేలే, నాలుగు రోజులు ఉంటుందిలే అనుకున్నాం. నాలుగో రోజు పొద్దున మా తమ్ముడు నెమ్మదిగా అడిగాడు, "అక్కా, అన్నీ కరోనాకేనంటావా? మనవాడికి పోయినవారం ఫ్లూ అన్నారు కదా" అని. నాకు గుండె జారిపోయింది. వాడి కొడుక్కి అంతకుముందు వారం ఫ్లూ వచ్చి తగ్గింది, బడి నుంచి తెచ్చుకున్నాడు, ఆ జ్వరంలో వాడు పడుకుంది నాన్నమ్మ పక్కలోనే. నేను వాడికి తడిగుడ్డ వేశాను కూడా. ఆ ముక్క నా బుర్రలో ఉండి కూడా పైకి రాలేదు, ఎందుకంటే ఆ లేత గీత అప్పటికే జవాబు చెప్పేసింది.

అదే రోజు స్వాబు తీసి పెట్టాను. ఫ్లూ ఎ. సాయంత్రానికి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చాం, ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంది, బయటపడింది. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే బాగా పనిచేస్తుంది, మేం ఆ సమయం దాటబెట్టేశాం. ఆసుపత్రిలో చేరేంత జబ్బు చేస్తే మాత్రం ఆలస్యమైనా ఇస్తారు, అమ్మకీ ఇచ్చారు. ముందే వేసి ఉంటే ఆక్సిజన్ దాకా వచ్చేదా అని నేను ఎవర్నీ అడగలేదు.

"ఏదైతే ఏంటి, వైరస్ మందే కదా, ఒకదానికి వేసింది రెండోదానికీ తగలదా" అని నన్ను చాలామంది అడిగారు, చదువుకున్నవాళ్లే. తగలదండీ. ఒసెల్టామివిర్ ఫ్లూ వైరస్ దగ్గరున్న న్యూరామినిడేజ్ అనే ఎంజైమును ఆపుతుంది, కొత్తగా తయారైన వైరస్‌లు కణం నుంచి తెగిపోయి బయటికి పోవడానికి అదే కత్తి. కరోనాకు అసలు ఆ కత్తే లేదు. కరోనాకు ఇచ్చే నిర్మాట్రెల్విర్ ఆ వైరస్ ప్రోటియేజ్‌ను, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమును పట్టుకుంటుంది, ఫ్లూ జోలికి అది పోదు. కరోనా మాత్రలు అయిదు రోజుల్లోపు మొదలుపెట్టాలి, ఫ్లూవి రెండు రోజుల్లోపు. అంటే రెండు గడియారాలు తిరుగుతుంటాయి, మనం ఒకటే చూస్తుంటాం. అదృష్టం ఏంటంటే రెండు మందులూ కలిపి వాడటానికి వీలుంది, ఒకదానికొకటి అడ్డం రావు. యాంటీబయాటిక్ ఊసు ఎత్తకపోవడమే మంచిది, అది రెండిటికీ పనికిరాదు. కాకపోతే తగ్గిన జ్వరం రెండు మూడు రోజులకు తిరగబెట్టి కఫం పచ్చగా పడితే అది వెనకాలే దూరిన బ్యాక్టీరియా న్యుమోనియా కావచ్చు, అప్పుడు లెక్క మారుతుంది. 1918 ఫ్లూలో చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది ఆ బ్యాక్టీరియాయే.

స్టెరాయిడ్ల దగ్గర ఇంకా ఇబ్బంది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ట్రయల్ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఫలితం చెప్పింది, వెంటిలేటర్ మీదున్న కరోనా రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం లేదు. ఆ ఒక్క మందు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు. అదే స్టెరాయిడ్ ఫ్లూ న్యుమోనియాకి వేసినప్పుడు పాత పరిశీలనల్లో వేసినవాళ్లలోనే చావులు ఎక్కువ కనిపించాయి. ఇప్పుడు మంచం మీదున్న మనిషికి రెండూ ఉన్నాయి, ఏం చేస్తారు? డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిన చోటు అది. రెండోది ఉందని తెలియకపోతే ఆ ఆలోచనే రాదు.

ఇంకో సంగతి, ఇది ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు తప్ప పెద్దగా తట్టదు. కరోనా వార్డులో అందరికీ ఉన్నది ఒకటే జబ్బు కదా అని ఒకే హాల్లో పక్కపక్కన మంచాలు వేస్తారు. ఆ వరసలో ఒక్కరికి ఫ్లూ కూడా ఉండి, దాన్ని ఎవరూ చూడకపోతే, మిగిలిన కరోనా రోగులందరికీ మనమే చేతులారా రెండో జబ్బు అంటించినట్టు. బయట కాపలా పెట్టి లోపల దొంగతో పాటు తాళం వేసినట్టు అయిపోతుంది.

ప్రమాదం ఎంత అంటారా. దీని మీద నాకు నమ్మకంగా అనిపించిన లెక్క 2022 మార్చిలో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బ్రిటన్‌లో కరోనాతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో 6,965 మందికి వేరే శ్వాసకోశ వైరస్‌ల పరీక్ష కూడా చేశారు, 583 మందిలో రెండోది దొరికింది, అందులో ఫ్లూ 227 మందికి. కరోనా ఒక్కటే ఉన్నవాళ్లతో పోలిస్తే ఫ్లూ కూడా ఉన్నవాళ్లకు వెంటిలేటర్ పడే అవకాశం సుమారు నాలుగు రెట్లు, చనిపోయే అవకాశం రెండు రెట్లకు పైన. ఈ అంకెలు చూసి కంగారు పడొద్దు, మీ పేపరువాళ్లు పెద్దక్షరాలు కూడా వెతకొద్దు దయచేసి. ఇవన్నీ అప్పటికే ఆసుపత్రి మెట్లెక్కినవాళ్ల లెక్కలు, పైగా 2020 ఫిబ్రవరి నుంచి 2021 డిసెంబరు మొదటివారం దాకా, అంటే ఒమిక్రాన్ ఊపందుకోకముందువి. ఇంట్లో మూడు రోజులు పడుకుని లేచేసినవాళ్లు ఇందులో లేరు. వందలో ఎనిమిది మందికి రెండో వైరస్ ఉంటుంది అని వీధిలో మనుషుల్ని లెక్కపెట్టకూడదు.

పిల్లల లెక్క ఒకటి నన్ను బాగా కలవరపెట్టింది. అమెరికాలో 2021-22 ఫ్లూ సీజన్లో ఫ్లూతో ఆసుపత్రిలో చేరిన పిల్లల వివరాలు చూస్తే 575 మందిలో 32 మందికి కరోనా కూడా ఉంది, నూటికి ఆరుగురు. అదే ఫ్లూతో చనిపోయిన పిల్లల్లో చూస్తే 44 మందిలో ఏడుగురు, నూటికి పదహారు. సంఖ్యలు చిన్నవే, చిన్న సంఖ్యల మీద పెద్ద మేడలు కట్టకూడదని నాకూ తెలుసు. కానీ పిల్లలకు ఫ్లూ టీకా గానీ, టైముకి ఫ్లూ మందు గానీ సరిగ్గా అందడం లేదని ఆ నివేదిక చెప్పిన మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మరి అంత ప్రమాదమైతే అందరికీ ఎందుకు రావడం లేదు అంటే, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటారే, అది వైరస్‌ల విషయంలో సగం నిజం. ఒక వైరస్ దూరగానే కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక పదార్థాన్ని వదులుతాయి, ఇరుగుపొరుగు కణాలు తలుపులు బిగించుకుంటాయి, వెనకాల వచ్చే వైరస్‌కి కొన్నాళ్లు చోటు దొరకదు. ఇది కాక 2020-21లో మాస్కులూ, ఇళ్లలో ఉండిపోవడంతో ఫ్లూ దాదాపు కనపడకుండా పోయింది, బి యమగాటా అనే ఒక రకమైతే 2020 మార్చి తర్వాత ఎక్కడా ఖాయంగా దొరకనే లేదు, దాన్ని టీకాలోంచి కూడా తీసేశారు. మిగతా ఫ్లూ మాత్రం తిరిగొచ్చింది, కరోనా ఎటూ పోలేదు. అలల్లా ఒకటి తగ్గాక ఒకటి వస్తే సరే, రెండు అలలూ ఒకేసారి లేచిన నెలల్లో మాత్రం ఆ ఒర సామెత మీద ఆధారపడొద్దు.

మా పక్కింటావిడ అడిగిన టీకా ప్రశ్నకు ఆవిడకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. కరోనా టీకా ఫ్లూని ఆపదు, ఫ్లూ టీకా కరోనాని ఆపదు. ఫ్లూది ఏటా రకాలు మారుతుంటాయి కాబట్టి ఏటా కొత్తది. రెండూ ఒకే రోజు, చెరో చేతికి వేయించుకోవచ్చు, ట్రయల్ చేసి మరీ చూశారు. ఆవిడ "రెండు సూదులా" అని మొహం పెట్టారు, నేనేం చేయను.

ఇప్పుడు మీకు నా మనవి. కరోనా కేసులు పెరిగినప్పుడల్లా మీరు అంకెలు వేస్తారు, దాని పక్కనే అదే వారం ఫ్లూ అంకె కూడా వేయండి. దొరకని అంకెలేమీ కావు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి దేశదేశాల ల్యాబులతో ఫ్లూ మీద నిఘా పెట్టింది, ఇప్పుడు అదే వ్యవస్థలో అవే స్వాబుల్లో కరోనా కూడా చూస్తున్నారు. రెండూ ఒకేసారి పైకి లేస్తున్నాయని పేపర్లో కనిపిస్తే, నాలాంటి అతితెలివి మనిషికైనా మూడో రోజున అనుమానం వస్తుంది.

రెండో మనవి నిజానికి మీకు కాదు, ఇది చదివే ల్యాబులవాళ్లకి, మా ల్యాబుతో సహా. మన రిపోర్టులో కరోనా ఎదురుగా 'పాజిటివ్' అని ఉంటుంది, కింద అంతా ఖాళీ. ఆ ఖాళీని ఇంట్లోవాళ్లు 'ఇంకేమీ లేదు' అని చదువుకుంటారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా. ఆ ఖాళీలో 'ఫ్లూ: పరీక్షించలేదు' అని రెండు మాటలు ప్రింట్ చేయిద్దామని మా పైవాళ్లను అడిగాను. ఫారం మార్చాలంటే సాఫ్ట్‌వేర్ మార్చాలట, చూద్దాం అన్నారు. ఈలోగా నా డ్యూటీలో వచ్చే ప్రతి రిపోర్టు మీదా నేనే పెన్నుతో రాస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్